ఆడపిల్లల ఫుట్‌బాల్ పెరిగితే హాకీ, నెట్‌బాల్ పోతాయా? ఇంగ్లండ్‌లో నేను చూసింది

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఇంతగా పెరగడం వల్ల హాకీ, నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్ లాంటి ఆట), క్రికెట్‌లకు పిల్లలు దొరక్కుండా పోతున్నారా అని ఒకటి. తొమ్మిదేళ్ల మీ పాప హాకీ మానేసి ఫుట్‌బాల్‌కే వెళ్తానంటోంది, ఏం చేయమంటారు అని రెండోది. రెండూ మా ఇంట్లో జరిగినవే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది మదనపల్లె. ఎనిమిదో తరగతిలో మా డ్రిల్లు సారు చేతికి హాకీ స్టిక్ ఇచ్చిన రోజు నుంచి డిగ్రీ అయ్యేదాకా మట్టి గ్రౌండ్‌లోనే ఆడాను. భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఇ. రజని మా ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయేనని ఇవాళ్టికీ ఇక్కడ అందరికీ చెప్పుకుంటాను. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాం. లండన్‌కు పడమటి వైపు ఒక ఊళ్లో ఉంటున్నాం. ఎనిమిదేళ్లుగా ఆదివారం పొద్దున పదేళ్లలోపు పిల్లలకు హాకీ నేర్పుతున్నాను, జీతం లేని పని. మా అమ్మాయికిప్పుడు 13. ఫుట్‌బాల్, హాకీ రెండూ ఆడుతుంది.

నేను చూసినంతలో ఫుట్‌బాల్ మా పిల్లల్ని ఎత్తుకుపోలేదు. మా గ్రౌండ్‌ని మాత్రం తీసుకుపోయింది.

ముందు పిల్లల సంగతి. 2022 జూలై 31 సాయంత్రం ఆడవాళ్ల యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనల్ చూడటానికి మా పాప క్లాసు పిల్లలు మా హాల్లో కార్పెట్ మీద వరసగా కూర్చున్నారు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో 87,192 మంది. మగవాళ్ల యూరోలో కూడా అంతకుముందు ఏ మ్యాచ్‌కీ అంత జనం రాలేదు. అదనపు సమయంలో, 110వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతి ఇంగ్లండ్ అమ్మాయి క్లోయీ కెల్లీ కాలికి మొదటిసారి సరిగ్గా అందలేదు. రెండోసారి కాలి కొసతో లోపలికి నెట్టింది. జర్మనీ మీద 2-1తో ఇంగ్లండ్ గెలిచింది. పిల్లల అరుపులకు పక్కింటి పెద్దాయన ఏమైందోనని తలుపు కొట్టి, తనూ లోపలికొచ్చి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే మా పాప పెరట్లో బంతి తన్నడం మొదలుపెట్టింది. కుండీల్లో పెంచుకుంటున్న గోంగూర వారం తిరక్కుండానే పోయింది.

ఆ సెప్టెంబర్‌లో హాకీ సీజన్ మొదలవుతుంటే నాకు నిజంగా భయమేసింది. ఈసారి అరడజను మంది కూడా రారనుకున్నాను. వచ్చినవాళ్లని చూసి ఆశ్చర్యపోయాను. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌లో ఆడపిల్లల జట్లు నిండిపోయి వెయిటింగ్ లిస్టు పెట్టేశారు. అక్కడ చోటు దొరకనివాళ్లు, ఏదో ఒక ఆట ఆడాలని పట్టుబట్టినవాళ్లు మా దగ్గరికొచ్చారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో అంతకుముందు ఆడపిల్లని ఆటకు పంపాలన్న ఆలోచనే లేదు. తెలుగు కుటుంబాలు రెండు, ఒక పంజాబీ కుటుంబం, ఒక సోమాలీ కుటుంబం. ఆ పిల్లల అమ్మలకు హాకీ అంటే ఏంటో తెలీదు, కానీ టీవీలో ఆడవాళ్లు గెలవడం చూశారు. అది చాలింది.

వెళ్లిపోయినవాళ్లు లేరని చెప్పను. ఆ మరుసటి ఏడు మా క్లబ్‌లో 12 ఏళ్లు దాటిన ఇద్దరు, మంచి ఆటగాళ్లు, ఫుట్‌బాల్‌కే ఉండిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్ వైపు విసిరే షాట్) నేర్చుకుంటున్న తీరు చూసి నేను చాలా ఆశ పెట్టుకున్నాను. బాధేసింది.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. ఫైనల్ గెలిచిన మూడు రోజులకే ఇంగ్లండ్ జట్టులోని 23 మందీ కలిసి, అప్పట్లో ప్రధాని పదవికి పోటీపడుతున్న రిషి సునాక్, లిజ్ ట్రస్‌లకు బహిరంగ లేఖ రాశారు. స్కూలు పీఈ (డ్రిల్లు) క్లాసులో ఫుట్‌బాల్ ఆడే వీలు 63 శాతం అమ్మాయిలకే ఉందని, ప్రతి అమ్మాయికీ ఆ వీలు కల్పించాలని అడిగారు. 2023 మార్చిలో ప్రభుత్వం ఒప్పుకుంది. అడిగింది ఫుట్‌బాల్ గురించే అయినా, ఒప్పుకున్నది స్కూళ్లలో అబ్బాయిలకున్న ఆటలన్నీ అమ్మాయిలకూ సమానంగా అందించాలని. మా పాప స్కూల్లో ఆ తర్వాతే అమ్మాయిలకు పీఈలో క్రికెట్ మొదలైంది. అప్పటిదాకా వేసవిలో వాళ్లకు రౌండర్స్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఒక్కటే.

చరిత్ర కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఫుట్‌బాల్ ఎవరి అన్నమో లాక్కుంటోందన్నట్టు ఉంటుంది. 1920 క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ అనే ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఆట చూడటానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబర్ 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని తీర్మానించింది. ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగని ఆట అని కారణం. దాదాపు 50 ఏళ్లు ఆ తలుపు మూసే ఉంది. ఈ దేశంలో అమ్మాయి అంటే నెట్‌బాల్, హాకీ అని స్థిరపడిపోవడానికి ఆ మూసిన తలుపు కూడా ఒక కారణమని నా నమ్మకం. నేను ప్రాణంగా చూసుకునే హాకీకి ఇక్కడ అంతమంది అమ్మాయిలు దొరికింది కొంత దాని వల్లేనని ఒప్పుకోవడం నాకు తేలిక కాలేదు. 1951 నుంచి 40 ఏళ్ల పాటు దాదాపు ఏటా వెంబ్లీలో ఆడవాళ్ల అంతర్జాతీయ హాకీ మ్యాచ్ జరిగేది. స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చి స్టేడియం నింపేసేవాళ్లు. మా క్లబ్‌లో 70 దాటిన ఒకావిడ ఆ రోజులు చెబుతుంటే వినాలి.

ఇక గ్రౌండ్ సంగతి. నా కడుపుమంట ఇక్కడే.

హాకీకి కావాల్సింది కురచ పోగులున్న, ఇసుక వేసిన ఆస్ట్రో, అంటే ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్. బంతి దాని మీద జారిపోవాలి. ఫుట్‌బాల్‌కి వేసేది త్రీజీ. అందులో ప్లాస్టిక్ గడ్డి పోగులు 40 మిల్లీమీటర్లు, అంతకన్నా పొడుగు ఉంటాయి, వాటి మధ్య నల్లటి రబ్బరు గింజలు పోస్తారు. కాళ్లకు మెత్తగా ఉంటుంది, వానలో కూడా ఆడొచ్చు. కానీ హాకీ బంతి కొడితే నాలుగడుగులు పోయి ఆ గింజల్లో కూరుకుపోతుంది. ఒక హాకీ మ్యాచ్ కూడా దాని మీద నడవదు. మా పాప ఫుట్‌బాల్ నుంచి రాగానే బూట్లు గుమ్మం బయట దులిపిస్తాను, అయినా వాషింగ్ మెషిన్ రబ్బరు అంచులో ఆవాల్లాగా ఆ గింజలు దొరుకుతూనే ఉంటాయి.

మేం పదేళ్లకు పైగా అద్దెకు తీసుకుని ఆడిన పిచ్ ఒక స్కూలుది. ఒక వేసవిలో దాన్ని తవ్వేసి త్రీజీ వేశారు. మాకు ఉత్తరం వచ్చేసరికి పని మొదలైపోయింది. స్కూలు వైపు నుంచి ఆలోచిస్తే లెక్క అర్థమవుతుంది. ఇసుక ఆస్ట్రో వయసైపోయింది, మళ్లీ వేయడానికి చాలా డబ్బు కావాలి, ఫుట్‌బాల్‌కైతే గ్రాంటు దొరుకుతుంది, వారంలో ప్రతి సాయంత్రం అద్దె వస్తుంది. ఆ అద్దె కట్టేవాళ్లలో ఆడపిల్లల జట్లు కూడా ఉన్నాయి, మా పాప జట్టుతో సహా. అంటే నా కూతురి ఫుట్‌బాల్ కోసం వేసిన పిచ్ వల్ల నా దగ్గర హాకీ నేర్చుకునే పిల్లలకు ఆడే చోటు పోయింది. ఆ సెప్టెంబర్‌లో ఎనిమిది మైళ్ల అవతలే మాకు ఖాళీగా ఇంకో పిచ్ దొరికింది. కారు లేని రెండు కుటుంబాల పిల్లలు రావడం మానేశారు. ఇందాక చెప్పిన సోమాలీ అమ్మాయి వాళ్లలో ఒకతె. ఈ నష్టం ఎక్కడా లెక్కకు రాదు. ఆ పిల్ల ఫుట్‌బాల్‌కి పోయిందని ఎవరైనా అనుకోవచ్చు, నిజానికి ఏ ఆటా ఆడటం లేదు.

నెట్‌బాల్‌కి ఆ బాధ లేదు, తారు వేసిన కోర్టు చాలు. వాళ్ల ఇబ్బంది శనివారాలతో. మా వైపు ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్ కూడా శనివారం పొద్దున్నే. క్రికెట్‌కైతే మే, జూన్‌లలో చిక్కు. ఫుట్‌బాల్ సీజన్ అయిపోయిందనుకునేసరికి టోర్నమెంట్లు మొదలవుతాయి. మా పక్క క్రికెట్ క్లబ్ కోచ్ ఆడపిల్లల ప్రాక్టీసుని శుక్రవారం సాయంత్రానికి మార్చింది. అంతే, పిల్లలు మళ్లీ వచ్చారు.

పెద్ద స్థాయిలో చూస్తే ఫుట్‌బాల్ ఊపు మిగతావాళ్లకు ఉపయోగపడిందనే నాకనిపిస్తుంది. 2010లో ఆడవాళ్ల రగ్బీ ప్రపంచకప్ ఫైనల్ లండన్‌లోనే జరిగితే 13 వేల పైచిలుకు వచ్చారు. 2025 సెప్టెంబర్ 27న ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ 33-13తో కెనడాను ఓడించిన ఫైనల్‌కి 81,885 మంది వచ్చారు. మా పాప ఫుట్‌బాల్ జట్టు కోచ్‌తో కలిసి ఒక వ్యాన్‌లో వెళ్లింది. వాళ్లలో ఒక్కరు కూడా రగ్బీ ఆడరు. ఆడవాళ్ల మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని వెళ్లడం వాళ్లకు మామూలు విషయమైపోయింది. ఆ అలవాటు చేసింది ఫుట్‌బాలే. 2016లో రియోలో బ్రిటన్ అమ్మాయిలు నెదర్లాండ్స్‌ని షూటౌట్‌లో ఓడించి హాకీ బంగారం తెచ్చినప్పుడు కూడా మా క్లబ్బుల్లో పిల్లలు కిటకిటలాడారట. కానీ ఆ తర్వాత వాళ్లను టీవీలో వారం వారం చూసే దారి లేదు. ఫుట్‌బాల్‌కి ఆ దారి ఉంది, తేడా అక్కడే.

బట్టల సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండ్ ఆటగాళ్లు నెలసరి ఇబ్బంది గురించి నోరు విప్పి అడిగాక 2023లో తెల్ల షార్ట్స్ తీసేసి నీలం ఇచ్చారు. అదే ఏడు వింబుల్డన్‌లో తెల్ల స్కర్టు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోనిచ్చారు. హాకీలో ఇంగ్లండ్ ఆటగాళ్లలో ఒకరైన టెస్ హోవర్డ్ స్కర్టు బదులు షార్ట్స్ వేసుకునే హక్కు కోసం గట్టిగా మాట్లాడింది. మా క్లబ్‌లో 13 ఏళ్ల పిల్లలు ఇప్పుడు ఏది కావాలంటే అది వేసుకుంటారు. నా చిన్నప్పుడు నెలసరి రోజుల్లో ప్రాక్టీసుకి కడుపునొప్పి అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లం.

ఇప్పుడు మీ పాప గురించి. తొమ్మిదేళ్లకే ఒకటి ఎంచుకోమని అడగకండి. ఆస్ట్రేలియా ఎలిస్ పెర్రీ 16 ఏళ్లకే దేశం తరఫున క్రికెట్, ఫుట్‌బాల్ రెండూ ఆడింది. 2011 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ మీద గోల్ కొట్టింది. ఆ తర్వాతే క్రికెట్‌కి పరిమితమైంది. రెండు ఆటలూ జీతాలిచ్చే స్థాయికి ఎదిగాక ఇకపై అలా ఆడటం కష్టమే, కానీ ఆ కష్టం 15, 16 ఏళ్లప్పుడు వస్తుంది. తొమ్మిదికి కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మోకాలు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టులోని బెత్ మీడ్, లియా విలియమ్‌సన్ ఇద్దరూ ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగి 2023 ప్రపంచకప్‌కి దూరమయ్యారు. అమ్మాయిలకు ఆ గాయం అబ్బాయిల కంటే ఎక్కువ వస్తుంది. మా పాప ఫుట్‌బాల్ కోచ్ ప్రతి ప్రాక్టీసుకీ ముందు ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం చేయిస్తుంది. నేను అడిగి నేర్చుకుని మా హాకీ పిల్లలతో కూడా చేయిస్తున్నాను. రెండు ఆటలాడే పిల్లకి వారంలో రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి ఉండాలి. ట్యూషనూ, కూచిపూడీ కూడా ఉంటే ఆ రోజుల్ని ముందే కేలండర్‌లో రాసిపెట్టుకోండి.

పిచ్ కథ ఇంకా ఉంది. మా ఊళ్లోనే మిగిలిన ఇంకొక ఇసుక ఆస్ట్రోని కూడా త్రీజీ చేస్తారని నిరుడు వినపడింది. ఈసారి ముందే ఉత్తరం రాసి సంతకాల కోసం తిరిగాను. మొదటి సంతకం పెట్టింది మా పాప ఫుట్‌బాల్ కోచ్. తన జట్టు అమ్మలందరి చేతా పెట్టించింది. ఇసుక ఆస్ట్రో మీద చిన్నపిల్లల ఫుట్‌బాల్ ప్రాక్టీసు నడుస్తుంది, త్రీజీ మీద హాకీ నడవదు, కాబట్టి ఇది ఇలాగే ఉంచండి, మంగళవారం మేం అద్దె కడతాం అని తనే విడిగా రాసిచ్చింది. పిచ్‌ని ఇసుకతోనే మళ్లీ వేస్తామని మార్చిలో జవాబొచ్చింది. ఇప్పుడు మంగళవారం వాళ్లు, ఆదివారం మేము. సోమాలీ అమ్మాయి వాళ్లింటి నుంచి అది నడిచి వెళ్లే దూరం. పోయిన నెల నుంచి మళ్లీ వస్తోంది.

మీ పాపని ఫుట్‌బాల్‌కి పంపండి. హాకీ స్టిక్ మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. వచ్చే ఏడాదికి అది పొట్టిదైపోతుంది కూడా, అప్పుడు మీ దగ్గరి క్లబ్‌లో అడిగితే పెద్ద పిల్లలు వదిలేసినది ఒకటి తప్పకుండా దొరుకుతుంది.