తక్కువ అంకెను నమ్మీకు

సోంపేట

బుజ్జీ,

విశాఖలో కిడ్నీ మార్పిడి పరీక్షల ల్యాబులో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఉద్దానం గుంట మనవాళ్ల కిడ్నీలకే కాపలా కాస్తుందంటే ఛాతీ ఉబ్బింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ట్యూబు మీద పేరు, తేదీ రెండుసార్లు చూసుకో. కంట్రోళ్లు, అదే ఫలితం ముందే తెలిసిన శాంపిళ్లు, పెట్టకుండా ఏ బ్యాచీ నడపకు. ఇవి నీకు తెలిసినవే.

నేను పనిచేసిన ఒక చోటికి కవిటి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. డయాలసిస్‌లో రెండు మూడుసార్లు రక్తం ఎక్కించారు. కిడ్నీ ఇస్తానన్నది భర్త. బిడ్డను మోసినప్పుడే తండ్రి హెచ్‌ఎల్‌ఏ మీద, అంటే కణాల మీదుండే గుర్తుల మీద, తల్లి ఒంట్లో దాడి చేసే యాంటీబాడీలు పుట్టొచ్చు. రక్తం ఎక్కినా అంతే. అందుకే ఆలుమగల కేసంటే నాకిప్పటికీ గుండె దడే. ఆ గుర్తులు అంటించిన సన్న పూసల మీద ఆవిడ సీరమ్, అంటే రక్తంలోని పల్చటి నీరు, పోసి యాంటీబాడీని కొలిచే పూసల పరీక్షలో భర్త గుర్తు మీద అంకె 1000 లోపే వచ్చింది. మా పైఆయన "బలహీనం, పర్లేదు" అని రాసీసారు. మర్నాడు ఆవిడ సీరమ్‌ని భర్త కణాలతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పెడితే, యాంటీబాడీ దెబ్బకి కణాలన్నీ చచ్చి, రంగు తాగి కనిపించాయి. అదే సీరమ్‌ని పదింతలు పల్చన చేసి మళ్లీ పూసల మీద నడిపాం. తగ్గాల్సిన అంకె 12,000కి ఎగిరింది! యాంటీబాడీ మరీ ఎక్కువైతే కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రోటీన్లు పూస మీద పేరుకుని యాంటీబాడీని కప్పేస్తాయి, అంకె తక్కువ కనిపిస్తుంది. ప్రోజోన్ అంటే ఇదే. సీరమ్‌లో ఆ కాంప్లిమెంట్‌ని ఆపే ఈడీటీఏ కలిపి నడుపు. ఎవరైనా అదనపు పనెందుకంటే పోట్లాడు. 1969లో పటేల్, టెరసాకి రాసింది చూపించు: క్రాస్‌మ్యాచ్ పాజిటివైనా మార్పిడి చేసిన 30 కిడ్నీల్లో 24 వెంటనే పోయాయి.

అలాగని పెద్ద అంకె కనిపించగానే కంగారు పడిపోకు. పూస మీద ప్రోటీన్ వంకరపోయినా అంకె వస్తుంది. బి కణాలనే తెల్ల రక్తకణాలకి అంటుకునే రిటుక్సిమాబ్ మందు ఎక్కిన రోగికి ఆ బి కణాల క్రాస్‌మ్యాచ్ ఊరికే పాజిటివ్ అవుతుంది. రోగి సొంత కణాలతో కూడా ఒక క్రాస్‌మ్యాచ్ పెట్టు.

రక్తం ఎక్కించారని తెలిస్తే పాత శాంపిల్‌తో సరిపెట్టకు, రెండు వారాలాగి కొత్తది తీయించు. పోయిన కడుపుల వల్లా యాంటీబాడీలు పుట్టొచ్చు, కానీ ఆ సంగతి మనవాళ్లు అత్తగారి ముందు చెప్పరు. పక్కకు పిలిచి, కూచోబెట్టి, నెమ్మదిగా అడుగు. నీకు ఓపిక తక్కువ, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కదా.

వేళకి తిను. మీ అత్త పలాస జీడిపప్పు పంపుతోంది. ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టావని తెలిసిందో, వచ్చి చెవి మెలేస్తాను.

నీ మావయ్య