మూడు వేలు కడితే వారంలో పేపర్ వేస్తామంటున్నారు, కట్టమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి ఎం.ఏ. తెలుగు రెండో ఏడాది. యార్డులో హమాలీలు, రైతులు మాట్లాడుకునే మాటల మీద వ్యాసం రాసి, భాషాశాస్త్రం జర్నల్‌కి పంపుతానంటోంది. ఎనిమిది నెలలుగా దాన్నే దిద్దుతూ కూర్చుంది. వాట్సాప్‌లో ఒకాయన మూడు వేలు కడితే వారంలో యూజీసీ కేర్ జర్నల్లో వేయించి సర్టిఫికెట్ కూడా ఇస్తానంటున్నాడు. పీహెచ్‌డీ సీటుకి పనికొస్తుందంటే కట్టేద్దామని ఉంది. వ్యాసం కూడా పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: అన్నయ్యగారూ, కట్టొద్దు. ఆ ఒక్క మాట ముందు చెప్పేసి మిగతాది తీరిగ్గా చెబుతాను. యూజీసీ కేర్ అంటే నమ్మదగిన జర్నళ్ల పేర్లతో యూజీసీ పెట్టిన జాబితా. అది ఇప్పుడు లేదు, 2025 ఫిబ్రవరిలో యూజీసీయే దాన్ని ఎత్తేసి, జర్నల్ మంచిదో కాదో చూసుకునే పని యూనివర్సిటీలకి వదిలేసింది. లేని జాబితా పేరు చెప్పి డబ్బులడుగుతున్నాడంటే ఆయనకి ఆ సంగతి తెలియకన్నా ఉండాలి, మీకు తెలియదన్న ధైర్యమన్నా అయి ఉండాలి. ఇక వారంలో వేస్తామనడం ఒకటి. టిక్కీ, అదే మిర్చి బస్తా, విప్పి, కాయ చేతిలోకి తీసి చూడకుండా మీ యార్డులో ఎవరైనా రేటు కడతారా? జర్నల్లోనూ అంతే. ఆ విషయం తెలిసినవాళ్లు, రివ్యూయర్లంటారు, ఇద్దరో ముగ్గురో వ్యాసం పూర్తిగా చదివి, నిలుస్తుందో లేదో రాసివ్వాలి, దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. వారంలో వేసేవాడు టిక్కీ విప్పనే లేదన్నమాట.

సీటు సంగతి. పీహెచ్‌డీలో చేరడానికి ముందే పేపర్ ఉండాలన్న రూలు యూజీసీ పెట్టలేదు. చేరాక కూడా, థీసిస్ ఇచ్చేలోపు పేపర్ వేసి తీరాలన్న షరతుని 2022 నిబంధనల్లో తీసేసింది, కాకపోతే యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు. కావలసింది నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరో యూనివర్సిటీ ఎంట్రన్సో, ఆ తర్వాత ఇంటర్వ్యూ. నెట్‌లో భాషాశాస్త్రం విడిగా ఒక సబ్జెక్ట్, 2024 జూన్ నుంచి ఆ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్లు కూడా తీసుకుంటున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, హైదరాబాద్‌లోనే ఉన్న ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ), మన వైపు కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, ఇవి చూసుకోండి. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లకి ఏ జర్నల్ ఎలాంటిదో పేరు వినగానే తెలిసిపోతుంది. డబ్బు కట్టి వేయించిన పేపర్ అక్కడ మీ అమ్మాయికి మేలు చేయకపోగా, ఉన్న పరువు తీస్తుంది.

ఇక్కడి నుంచి ఫోన్ అమ్మాయికివ్వండి.

అమ్మా, నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇరవై రెండు పేజీల్లో పదిహేడు పేజీలు మాటల పట్టికే. టిక్కీ, కల్లం, తొడిమ, తాలు... ఓపిగ్గా సేకరించావు, కాదనను. కానీ రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఇందులో కొత్తదేంటి’ అని. వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లోనే వచ్చింది, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకులు. నీ పట్టికలో అందులో లేనివెన్ని, ఉన్నవాటిలో అర్థం మారినవెన్ని? అది తేల్చకుండా పంపితే ఎడిటర్ దగ్గరే ఆగిపోతుంది, రివ్యూ దాకా కూడా వెళ్లదు. ఇంకోటి, ఇంగ్లీష్ కాపీలో ‘తాలు’కి ‘వేస్ట్’ అని పెట్టావు. తాలు కాయ తెల్లబారిన కాయేగానీ పారబోసేది కాదు, దానికీ ఒక రేటుంది, మీ నాన్నగారిని అడుగు. అంత పెద్ద యార్డు పక్కన పెట్టుకుని ఈ తప్పు చేయకూడదు కదా!

అసలు సరుకు పంతొమ్మిదో పేజీలో ఉంది, నువ్వు మాత్రం నాలుగు లైన్లలో దాటేశావు. రేట్ల గురించి మాట్లాడేటప్పుడు ‘తేజ (మిర్చిలో ఒక రకం) పడిపోయిందంట’, ‘రేపు లేస్తదంట’ అని వాక్యం చివర ‘అంట’ తగిలిస్తారని, వేలం దగ్గర పక్కనే నిలబడి చూసినవాళ్లు కూడా అలాగే అంటున్నారని రాశావు. ‘అంట’ అంటే ఎవరో చెబితే విన్నానని కదా. కళ్లారా చూసినవాడు ‘అంట’ ఎందుకంటున్నాడు? మాట తన మీదకి రాకుండానా, బేరం కోసమా, లేక రేట్ల విషయంలో అది అలవాటైపోయిందా? ఇదీ వ్యాసం. మిగతా పట్టిక వేరే వ్యాసానికి దాచిపెట్టుకో. ఎన్ని గంటల రికార్డింగు, ఎంతమంది మాట్లాడారు, ‘అంట’ ఎన్నిసార్లొచ్చింది, అందులో స్వయంగా చూసి చెప్పినవెన్ని... ముందు ఆ లెక్క తియ్యి. ద్రావిడ భాషల్లో ‘అను’ ధాతువు నుంచి వచ్చిన ఇలాంటి రూపాల మీద ఇప్పటికే చాలా రాశారు, అవి చదవకుండా మొదలుపెట్టకు.

ఉదాహరణలు ఇచ్చే పద్ధతి మార్చాలి. భాషాశాస్త్రం జర్నళ్లలో లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ అని ఒక పద్ధతి నడుస్తుంది, ఒక్కో ఉదాహరణా మూడు వరసలు. ‘పడిపోయిందంట’ తీసుకో. మొదటి వరసలో దాన్ని హైఫన్లతో విడగొట్టి రోమన్ లిపిలో రాస్తావు: పడి, పో, ఇన్, ది, అంట. దాని కింద వరసలో ‘పడు’, ‘పో’, భూతకాలం, అమహత్ (‘వాడు’ కానిది) ఏకవచనం, వినికిడి అని ఒక్కో ముక్క కిందా దాని అర్థమో గుర్తో. మూడో వరసలో మొత్తం వాక్యానికి మామూలు ఇంగ్లీష్ అనువాదం. పైన ఎన్ని హైఫన్లుంటే కిందా అన్నే ఉండాలి, నీ వ్యాసంలో సగం చోట్ల లెక్క కలవడం లేదు. ట, డ, ణ, ళలకి కింద చుక్క, దీర్ఘానికి పైన గీత మర్చిపోకు. ఇవన్నీ యూనికోడ్‌లోనే కొట్టు, డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో కొట్టిస్తే ఎడిటర్ కంప్యూటర్లో పిచ్చి గీతలే కనిపిస్తాయి.

రికార్డు చేసినవాళ్లు ఒప్పుకున్నారా? కాగితం మీద సంతకం పెట్టలేనివాళ్లు నోటితో చెప్పినా సరే, అది రికార్డులో ఉండాలి. వ్యాసంలో వాళ్ల పేర్లు, షాపు నంబర్లు తీసెయ్. రేట్ల గురించి ఎవరేమన్నారో బయటపడితే మీ నాన్నగారికే ఇబ్బంది.

ఎక్కడికి పంపాలంటే, ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్ ఉంది, తిరువనంతపురం నుంచి 1970ల నుంచీ వస్తోంది, నీ విషయానికి దగ్గరిది. ఇండియన్ లింగ్విస్టిక్స్ ఉంది, లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్లది. అమెరికా నుంచి వచ్చే ‘లాంగ్వేజ్’కి ఇప్పుడే వద్దు. కృష్ణమూర్తి గారి పేపర్ అందులో 1978లో వచ్చింది, ఆయనా మన ఒంగోల్లో పుట్టి డిగ్రీలో తెలుగు చదువుకున్నవాడే, నువ్వూ వెళ్తావు, తొందరేముంది. ఏదైనా సరే, దాని గత రెండు మూడు సంచికలు తెరిచి వ్యాసాలెలా ఉన్నాయో, ఎంత పొడవో, రిఫరెన్సులు ఏ పద్ధతిలో ఇచ్చారో చూసుకుని దానికి తగ్గట్టు నీది సర్దుకో. వెబ్‌సైట్ అడ్రస్ కూడా ఒకటికి రెండుసార్లు చూడు, మంచి జర్నళ్ల పేరుతోనే నకిలీ సైట్లు పెట్టి డబ్బు గుంజేవాళ్లున్నారు.

ఒకసారికి ఒక్క జర్నల్‌కే. నా దగ్గరికొచ్చే ఒకబ్బాయి త్వరగా తేలుతుందని ఒకేసారి రెండింటికి పంపాడు, రెండూ ఒకే రివ్యూయర్ దగ్గరికి వెళ్లాయి, రెండు చోట్లా తిప్పికొట్టారు. పేరు కనపడకుండా పంపమంటే పైపేజీలో తీసేస్తే చాలదు, వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా నీ పేరుంటుంది, అక్కడా తీసెయ్. ‘నా ఎం.ఏ. ప్రాజెక్టులో చెప్పినట్లు’ అని రాసినా దొరికిపోతావు.

జర్నల్ నుంచి వచ్చే జవాబులో ‘మేజర్ రివిజన్స్’, అంటే పెద్ద మార్పులు చేసి పంపమని, వస్తే ఏడుస్తూ కూర్చోకు. అది మంచి కబురే, పని పెంచి ఇంకో అవకాశం ఇచ్చినట్టు. రివ్యూయర్ అన్న ప్రతి మాటకీ కింద నువ్వేం మార్చావో, మార్చకపోతే ఎందుకో విడిగా కాగితం రాసి పంపాలి. ఒకటి కూడా వదలకూడదు. రివ్యూయర్ పొరపాటు పడ్డాడని నీకనిపించిన చోట కూడా మర్యాదగా ఆధారం చూపించు. రెండు రోజులు పక్కన పెట్టి ఆ తర్వాత మొదలుపెట్టు, కోపంలో రాసిన జవాబు చదివితేనే తెలిసిపోతుంది.

ఫోన్ మళ్లీ నాన్నగారికివ్వు.

అన్నయ్యగారూ, ఎనిమిది నెలలు అంటే ఎక్కువేం కాదు. కావాలంటే ఆ మూడు వేలతో అమ్మాయికి మంచి మైక్ కొనిపెట్టండి, ఫోన్ రికార్డింగుల్లో కాటా చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడటం లేదని తనే రాసుకుంది. కమీషన్ కొట్లో మీకు చనువున్న హమాలీలు ఇంకో పదిమందితో మాట్లాడించండి. వేసవిలో యార్డుకి సెలవులిచ్చేలోపే అది అయిపోవాలి, ఆ తర్వాత వాళ్లు ఊళ్లకెళ్లిపోతే మళ్లీ పట్టుకోవడం కష్టం.