లాస్ ఏంజెలెస్‌లో నాలుగు చినుకులకే ఇంత హడావుడి ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వానలు దంచికొట్టే ఊళ్లో పెరిగారు, ఇప్పుడు లాస్ ఏంజెలెస్ మారబోతున్నారు, అక్కడి టీమ్‌వాళ్లు జల్లు పడుతుందని తెలిస్తే చాలు మీటింగులు క్యాన్సిల్ చేసేస్తున్నారు, ఇది నిజంగా భయమా, లేక ఆఫీసు ఎగ్గొట్టడానికి సాకా అని. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా కాబట్టి చెప్తున్నా, రెండూ ఉన్నాయండి. కాకపోతే నేను గమనించింది ఇంకోటి ఉంది, ఇక్కడి జనం భయపడక్కర్లేని వానకి గోల గోల చేస్తారు, భయపడాల్సిన వాన వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో కూర్చుని సినిమా చూసుకుంటారు.

ముందు గోల సంగతి. రేపు వాన అని తెలియగానే టీవీలో 'స్టార్మ్ వాచ్' అని పెద్ద పెద్ద అక్షరాలతో బ్యానర్ పడిపోతుంది, రెయిన్ జాకెట్ తొడుక్కున్న రిపోర్టర్ ఏదో ఫ్రీవే మీది బ్రిడ్జి ఎక్కి నిలబడి కింద పోయే కార్లు చూపిస్తూ "ఇప్పుడే చినుకులు మొదలయ్యాయి" అంటాడు, చూస్తే ఆ జాకెట్ మీద తడి కూడా కనపడదు. ఆఫీసు చాట్‌లో ముందురోజు సాయంత్రం నుంచే మెసేజ్‌లు, రోడ్లు బాగోవట, రేపు ఇంటి నుంచే చేస్తా అని. పిల్లల సాకర్ ప్రాక్టీస్ రద్దు. స్కూళ్లలో వాన రోజుకి వేరే టైమ్‌టేబులే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ చాలా స్కూళ్లలో పిల్లలు తినే బల్లలు, ఆడుకునే చోటు అన్నీ ఆరుబయటే. మా పక్కింటి పెద్దావిడ పుట్టి పెరిగింది ఇక్కడే, ముసురు పట్టిందంటే కారు తాళం ముట్టుకోదు, నేను సరుకులకి బయల్దేరుతుంటే గుమ్మంలోంచి "ఈ వానలో ఎక్కడికయ్యా, రేపు వెళ్లొచ్చుగా" అని ఆపేస్తుంది. అంతా అయ్యాక చివర్లో "అయినా మనకి వాన కావాలిలే" అంటుంది. ఇది ఆవిడొక్కత్తే కాదు, లిఫ్ట్‌లో, చెకౌట్ లైన్‌లో, ఎక్కడ విన్నా ఇదే మాట, వానని తిట్టిన వెంటనే ఈ మాట కలపకపోతే పాపం తగులుతుందన్నట్టు అంటారు. ఎందుకంటే కరువు వీళ్లకి బాగా గుర్తుంది, 2015లో కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆర్డర్ వేశాడు, జనం లాన్లు ఎండగట్టేసి షవర్ కింద బకెట్లు పెట్టుకున్న రోజులవి.

సరే, ఈ గోలంతా వట్టిదేనా అంటే పూర్తిగా కాదు. లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో ఏడాది మొత్తానికి పడేది సగటున 14 అంగుళాలు, అంటే దాదాపు 360 మిల్లీమీటర్లు, శాన్ డియాగోలో 10 అంగుళాలు. అది కూడా దాదాపు అంతా నవంబర్ నుంచి మార్చి లోపే. మిగతా నెలల్లో వాన దాదాపు ఉండదు, రోడ్డు మీద ఆయిల్, టైర్ల రబ్బరు, దుమ్ము అన్నీ పొరలు పొరలుగా పేరుకుపోతూ ఉంటాయి, కడిగే నాథుడు ఉండడు. ఆర్నెల్ల తర్వాత మొదటి జల్లు పడ్డప్పుడు అదంతా పైకి తేలుతుంది, జోరు వాన అయితే కాసేపటికి కొట్టుకుపోతుంది గానీ సన్నటి తుంపర అయితే అలాగే ఉండిపోయి రోడ్డు జర్రున జారుతుంది. అంటే మీరు నవ్వుకునే ఆ చిన్న జల్లే ఫ్రీవే మీద కొంచెం ప్రమాదం. దానికి తోడు వైపర్ల రబ్బరు ఏడాదంతా ఎండకి ఎండి పగిలిపోయి ఉంటుంది, ఆ సంగతి వాన మొదలయ్యాక గంటకి 65 మైళ్ల స్పీడ్‌లో ఉన్నప్పుడు తెలుస్తుంది, ఆ వారం కారు విడిభాగాల షాపుల్లో క్యూలు చూడాలి. నడిపేవాళ్లలో సగంమంది అసలు వాన లేనట్టే ముందు కారుకి అతుక్కుని పోతారు, మిగతా సగం హజార్డ్ లైట్లు వేసుకుని ముప్పైలో పాకుతారు, ఈ ఇద్దరూ ఒకే లేన్‌లో కలిసినప్పుడు వచ్చే గొడవ వేరే. వైపర్లు ఆపకుండా తిరుగుతుంటే హెడ్‌లైట్లు వేయాలని ఈ రాష్ట్రంలో చట్టమే ఉంది, వేసేవాళ్లు ఎంతమందో మీరే లెక్కపెట్టుకోండి.

ఊరు కూడా వాన కోసం కట్టింది కాదు. ఇళ్లకి చూరు సరిగ్గా ఉండదు, చాలా పాత అపార్ట్‌మెంట్లకి పైకప్పు బల్లపరుపే, గాలివాన కొడితే కిటికీ సందుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి. ఏటా నాలుగు రోజులకోసం ఎవరు ఖర్చుపెడతారు, నేనైనా పెట్టను. కాబట్టి నాలుగు రోజులు మీటింగులు వాయిదా వేసుకోవడం నా దృష్టిలో తెలివైన పనే, మీ టీమ్‌వాళ్లని చూసి మరీ నవ్వకండి.

ఇక రెండో సంగతి, నాకు నిజంగా కోపం తెప్పించేది.

ఇక్కడ సగటు తక్కువే గానీ పడితే ఒక్కసారే పడుతుంది. పసిఫిక్ మీదుగా తేమ సన్నటి పొడవాటి పట్టీలా వచ్చి కొండలకి తగులుతుంది, వీళ్లు దాన్ని అట్మాస్ఫియరిక్ రివర్ అంటారు, హవాయి వైపు నుంచి వస్తే పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అని ముద్దు పేరు కూడా. 2024 ఫిబ్రవరిలో అలాంటిదొకటి వచ్చి డౌన్‌టౌన్‌లో మూడు రోజుల్లో 8 అంగుళాలకి పైగా కురిసింది, అంటే ఏడాది కోటాలో సగానికి పైనే, ఊళ్లో వందల చోట్ల మట్టి జారింది. అదే ఏడాది జనవరి 22న శాన్ డియాగోలో పడింది 2.73 అంగుళాలు, 70 మిల్లీమీటర్లు కూడా లేదు, మన వానాకాలం లెక్కలో అదొక వానా అనిపిస్తుంది, కానీ అక్కడ రికార్డులు మొదలైన దగ్గర్నుంచి జనవరిలో అంత తడిసిన రోజు ఇంకోటి లేదు, కాలవల పక్కన ఉన్న పేటల్లో ఇళ్లు మునిగి జనాన్ని పైకప్పుల మీంచి దించాల్సి వచ్చింది. మిల్లీమీటర్లు చూసి వానని అంచనా వేసే అలవాటు ఇక్కడికి వచ్చాక మానుకోవాలి.

కొండలు ఊరికి మరీ దగ్గర. శాన్ గాబ్రియెల్ కొండల్లో ఎత్తైన శిఖరం 10,000 అడుగుల పైన ఉంటుంది, అక్కడ పడ్డ నీళ్లు కొన్ని గంటల్లో సముద్రం చేరాలి. 1938లో వరదొచ్చి వందమందికి పైగా పోయాక, లాస్ ఏంజెలెస్ నదికి 51 మైళ్లలో చాలాభాగం సిమెంటు పోసేశారు. ఎండాకాలంలో చూస్తే మధ్యలో చిన్న పాయ, పక్కన సైకిళ్లు తొక్కుకునే జనం, ఇదేం నది అనుకుంటాం. వాన రోజు అదే సిమెంటు మీద నీళ్లు వెళ్లే వేగం చూస్తే కాళ్లు వణుకుతాయి, పట్టుకోడానికి ఏమీ ఉండదు, అందుకే ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ప్రత్యేకంగా స్విఫ్ట్‌వాటర్ టీమ్‌లు, అంటే జోరుగా పారే నీళ్లలోంచి జనాన్ని బయటికి లాగేవాళ్లు, ఉన్నాయి. అయినా ఏం చేస్తారంటే, జల్లుకి కారు తియ్యని మనుషులే కుండపోత రోజున కాఫీ కప్పు పట్టుకుని కాలవ గట్టు మీదకి వీడియో తీయడానికి వెళ్తారు! మా వీధి చివర కాలవ దగ్గర ప్రతి పెద్ద వానకీ ఇదే తంతు, పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని మరీ. నేనొకసారి ఒకాయనకి గట్టు అంచు జారుతోందండీ అని చెప్తే "ఏం కాదు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నా" అన్నాడు.

అన్నిటికంటే ప్రమాదం కాలిన కొండల కింద. ఇక్కడి పొదలు కాలినప్పుడు వాటిలోని మైనం లాంటి పదార్థం ఆవిరై మట్టిలోకి దిగి పొరలా గడ్డకడుతుంది, తర్వాత వాన పడితే ఆ మట్టి నీళ్లు పీల్చదు, తామరాకు మీద నీటిబొట్టే. పట్టి ఉంచే వేళ్లు కూడా ఉండవు కాబట్టి బూడిద, మట్టి, బండలు, చెట్టు మొద్దులు అన్నీ కలిసి ఒకేసారి కిందకి వస్తాయి. 2017 డిసెంబర్‌లో థామస్ ఫైర్ అనే పెద్ద కార్చిచ్చు వచ్చింది, 2018 జనవరి 9 తెల్లవారుజామున దాని కిందున్న మాంటెసిటో అనే ఊళ్లో కొన్ని నిమిషాల్లోనే అరంగుళం వాన పడింది, 23 మంది పోయారు, 101 ఫ్రీవే దాదాపు రెండు వారాలు మూసేశారు. అరంగుళం! ముందే చెప్పారు ఖాళీ చేయమని. కానీ మంటలప్పుడు ఇల్లు వదిలి ఎక్కడెక్కడో ఉండి అప్పుడే తిరిగొచ్చినవాళ్లు, మళ్లీ వెళ్లాలంటే ఓపిక లేదు, పైగా ఈసారి వచ్చేది వానే కదా అనుకున్నారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గరి పాలిసేడ్స్, ఆల్టడీనా పేటలు కాలాయి, ఫిబ్రవరి 13న వాన పడగానే కోస్ట్ హైవే మీద బురద వచ్చి ఒక ఫైర్ ఉద్యోగి బండిని సముద్రంలోకి నెట్టేసింది, అదృష్టం బాగుండి ఆయన బయటపడ్డాడు.

ఎందుకిలా రివర్స్‌లో అంటే నా అనుమానం టీవీ బ్యానర్ మీదే. సన్న జల్లుకీ అదే 'స్టార్మ్ వాచ్', కొండ కదిలే వానకీ అదే. ఫోన్‌లో హెచ్చరిక కూడా పదిసార్లు మోగి పదిసార్లూ ఏం కాకపోతే పదకొండోసారి జనం దిండు కింద పెట్టేస్తారు. ఇంకోటి, జారే రోడ్డు అద్దంలోంచి కంటికి కనపడుతుంది, కొండ మీద మట్టి నీళ్లు తాగుతోందా లేదా అన్నది వంటింటి కిటికీలోంచి ఎవరికీ కనపడదు. పైగా వాన గంటకి ఎంత పడుతోందన్నది ఎవరూ మాట్లాడరు, మొత్తం ఎన్ని అంగుళాలన్నదే చెప్తారు, కాలిన కొండకి మాత్రం ఆ పావుగంటలో పడేదే లెక్క.

మనలాంటివాళ్లది ఇంకో రకం ధీమా. వానల్లో పుట్టి పెరిగాం, మోకాలి లోతు నీళ్లలో బండి నడిపాం, ఇదేముంది అనుకుంటాం. అక్కడ నీళ్లు నిలబడతాయి, ఇక్కడ పరిగెత్తుతాయి. పారే నీళ్లు ఆరు అంగుళాలుంటే మనిషిని పడగొడతాయి, అడుగుంటే చిన్న కారుని తోసుకుపోతాయి, వాతావరణ శాఖ వాళ్లు ప్రతి వానకీ ఇదే చెప్పి మొత్తుకుంటారు.

కాబట్టి మీరు వచ్చేముందు ఇల్లు వెతుక్కునేటప్పుడే ఆ పైనున్న కొండ ఈ రెండు మూడేళ్లలో కాలిందా అని అడగండి, అద్దె కంటే ముందు అది అడగండి. ఎవాక్యుయేషన్ వార్నింగ్ అంటే సర్దుకుని ఉండమని, ఆర్డర్ అంటే ఇప్పుడే వెళ్లిపోమని, నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఇంట్లో ఉంటే వార్నింగ్‌కే కదలండి. అక్టోబర్‌లో వైపర్లు మార్పించుకోండి, షాపులో క్యూ ఉండదు. ట్రాఫిక్ లైట్లు ఆరిపోతే ఆ జంక్షన్‌లో ప్రతి ఒక్కరూ ఆగి వెళ్లాలి, ఇది లైసెన్స్ పరీక్షలో కూడా అడుగుతారు. ఇక వాన తగ్గాక ఆకాశం అద్భుతంగా ఉంటుంది, కొండల మీద మంచు మెరుస్తుంటుంది, అందరూ బీచ్‌కి పోదాం అంటారు. వెళ్లండి గానీ 72 గంటల దాకా నీళ్లలో దిగొద్దు, ఊళ్లో రోడ్ల మీది చెత్త, ఆయిల్, కుక్కల మలం అంతా శుద్ధి లేకుండా కాలవల్లోంచి నేరుగా సముద్రంలోకే వస్తుంది, కౌంటీ హెల్త్ వాళ్లు ప్రతిసారీ నోటీస్ ఇస్తారు, సర్ఫర్లు ప్రతిసారీ దిగుతారు.