ప్రసంగానికి ముందు ఆయన గుమ్మం తొక్కు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మన విశ్వాసుల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న మాట బయటికి పొక్కిందనీ, కొందరు ఆయన పక్కన కూర్చోవడం మానేశారనీ, దీనిపై వచ్చే వారం ప్రసంగించాలనుకుంటున్నావనీ రాశావు. ప్రసంగించవచ్చు గానీ, ముందు ఆయన ఇంటికి వెళ్లి అనుమతి అడుగు. ఆయన వద్దంటే, ఆయనను పోల్చుకోగలిగే మాట ఒక్కటి కూడా వేదిక మీద నీ నోట రాకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా తప్పే. ఏళ్ల క్రితం ఒక సోదరి తన సంగతి నాకు గుట్టుగా చెప్పుకుంది. ఆ వారమే సామూహిక ప్రార్థనలో, ‘పెద్ద జబ్బుతో పోరాడుతూ, భర్తను పోగొట్టుకున్న మన చెల్లెలి కోసం’ అంటూ నోరు జారాను. పేరు చెప్పలేదు కదా అనుకున్నానే తప్ప, ఆ సభలో భర్తను పోగొట్టుకున్న యువతి ఆమె ఒక్కతేనని నాకు తట్టలేదు. నేను కళ్లు తెరిచేసరికి ఆమె పక్కన కూర్చున్నావిడ తన పిల్లను మెల్లగా ఒడిలోకి లాక్కుంటోంది. ఆ సోదరి మళ్లీ రాలేదు.

ఇక ప్రసంగం సంగతి. జాలిని నమ్ముకోకు, వినేవాళ్ల భయాన్ని తీర్చేది సమాచారమే. ఒకే గ్లాసులో తాగినా, చేయి పట్టుకున్నా, కౌగిలించుకున్నా, ఒకే చాప మీద కూర్చున్నా ఈ వైరస్ సోకదని తేటగా చెప్పు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతూ, రక్తంలో వైరల్ లోడ్, అంటే వైరస్ మోతాదు, పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచిన వ్యక్తి నుంచి లైంగిక సంపర్కం ద్వారా కూడా ఇతరులకు సోకదని చెప్పు. చికిత్స లేనప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉంటుందనీ, సరైన చికిత్సతో అది 5 శాతం లోపుకు దిగుతుందనీ చెప్పు. ఇవి పలకడానికి నువ్వే తడబడితే, సభ కూడా తల దించుకుంటుంది. అవసరమైతే ఒక వైద్యుడినో కౌన్సెలర్‌నో పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

మరొక జాగ్రత్త. ‘ఏ పాపమూ ఎరుగని పసివాళ్లకు కూడా సోకుతోంది’ అని మనవాళ్లు తరచూ అంటుంటారు. దయతో అన్నట్టే ఉంటుంది గానీ, మిగిలినవాళ్లంతా పాపులని ఆ వాక్యమే తీర్పు చెబుతోంది. దాన్ని నీ ప్రసంగంలోకి రానీయకు. ఈ జబ్బు వేదిక కింద కూర్చున్నవాళ్లదేనని కూడా అనుకోకు. ఉగాండాకు చెందిన గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ మతగురువు తనకు హెచ్‌ఐవీ ఉందని 1992లోనే బహిరంగంగా చెప్పారు.

ప్రార్థనతో నయమైందంటూ ఎవరైనా మాత్రలు మాన్పించబోతే మాత్రం మొహమాటపడకుండా అక్కడికక్కడే ఆపు. శరీర కణాల్లో దాగిన వైరస్, మందు ఆపిన కొన్ని వారాల్లోనే చాలామందిలో మళ్లీ విజృంభిస్తుంది. ప్రార్థన చేయి, మాత్ర వేసుకున్నారా అని కూడా అడుగు.

ఆయన ఇంతకాలం ప్రార్థనకు ముందు చాపలు పరిచేవారని రాశావు; ఆ పని ఇప్పుడు ఇంకెవరో చేస్తున్నారట. దాన్ని ఆయనకే తిరిగి అప్పగించు. ఆయన పరిచిన చాప మీద అందరికంటే ముందు నువ్వు కూర్చో. ప్రసంగం రాశాక ఆయనకు చదివి వినిపించి, సరేనన్నాకే నాకొక ప్రతి పంపు.