తిమింగలం కనిపించని గంటలే అసలు పని

ప్రశ్న: డిగ్రీలో జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. తిమింగలాలు, డాల్ఫిన్లను చూపించే టూర్ పడవల్లో నేచురలిస్ట్‌గా చేరాలని ఉంది. మెరైన్ బయాలజీలో పీజీ తప్పనిసరా? పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. ఇంట్లోవాళ్లేమో ‘ఇదీ ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు.

జవాబు: ఉద్యోగమే. కాకపోతే ఏడాది పొడవునా ఒకేచోట దొరికేది కాదు. ఇంట్లోవాళ్లకు ముందు ఆ సంగతి చెప్పండి. హవాయి దగ్గర హంప్‌బ్యాక్ తిమింగలాలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటాయి. ఆ తర్వాత వాటిలో చాలావరకు మేత కోసం అలాస్కా వైపు వెళ్లిపోతాయి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో సీజన్ జూన్ నుంచి నవంబరు వరకు. న్యూజిలాండ్‌లోని కైకోరాలో స్పెర్మ్ వేల్స్ ఏడాదంతా కనిపిస్తాయి గానీ అలాంటి చోట్లు తక్కువ. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు కొందరు తిమింగలాల వెంటే తీరాలు మారుతుంటారు, కొందరు మిగతా నెలలకు వేరే పని చూసుకుంటారు. పరాయి దేశంలో చేరాలంటే అక్కడ పనిచేసే వీసా మీరే సంపాదించుకోవాల్సి రావచ్చు. నాలుగు నెలల పోస్టు కోసం ఆ తతంగం నెత్తికెత్తుకునే చిన్న సంస్థలు అరుదు.

పీజీ అక్కర్లేదు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే అది వేరే సంగతి. పడవవాళ్లు చూసేది మరొకటి: ఊగుతున్న డెక్ మీద నిలబడి, మైకు పట్టుకుని, వందమంది చెవులు మీవైపు తిప్పుకోగలరా? మూడు గంటల ట్రిప్పులో తిమింగలం నీటిపైన కనిపించేది ఒక్కోసారి పది నిమిషాలే. మిగిలిన సమయమంతా మీ గొంతు మీదే నడవాలి.

ఆ గొంతుకు సరుకు కావాలంటే ముందు నీటిని చదవడం రావాలి. మొదట మామూలు కళ్లతోనే క్షితిజాన్ని ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా గాలించాలి. అనుమానం వచ్చిన చోటే బైనాక్యులర్స్ ఎత్తాలి. 7×50 రకం, అంటే ఏడు రెట్లు చూపించేవి తీసుకోండి, పది రెట్లు చూపించేవాటిలో పడవ ఊపుకి బొమ్మ నిలవదు. తిమింగలం వదిలే ఊపిరి ఆవిరిని బట్టే జాతిని చాలావరకు పోల్చవచ్చు. నీలి తిమింగలానిది నిటారుగా తొమ్మిది మీటర్ల దాకా లేస్తుంది. హంప్‌బ్యాక్‌ది పొట్టిగా, గుబురుగా ఉంటుంది. రైట్ వేల్‌ది రెండు పాయలుగా చీలుతుంది. స్పెర్మ్ వేల్ ముక్కురంధ్రం తల ముందుభాగాన ఎడమ పక్కకు ఉంటుంది కాబట్టి దాని ఆవిరి ముందుకూ ఎడమకూ వాలుతుంది. హంప్‌బ్యాక్ తోక ఎత్తి మునిగిందంటే సాధారణంగా కొన్ని నిమిషాల్లో తేలుతుంది. స్టాప్‌వాచ్ నొక్కి, రెండు మూడు మునకల వ్యవధి రాసుకుంటే దాని లయ తెలిసిపోతుంది. స్పెర్మ్ వేల్ అయితే నలభై నిమిషాలు, గంట కూడా కిందే ఉండిపోగలదు. అప్పుడు హైడ్రోఫోన్ (నీటి అడుగున శబ్దాలు వినే మైకు) నీటిలోకి దించి, దాని టిక్ టిక్ శబ్దాలను బట్టి వెతుకుతారు.

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ‘అదిగో!’ అని అరవడం. ఎటో తెలియక జనం అన్నివైపులా చూస్తారు, తెలిశాక అందరూ ఒకే రెయిలింగ్ దగ్గరికి ఉరుకుతారు. చిన్న పడవ అయితే ఆ బరువుకి ఒరుగుతుంది. కాబట్టి ముందు కెప్టెన్‌కు చెప్పండి, తర్వాతే మైకు. పడవ ముక్కు పన్నెండు గంటలు, కుడిచెయ్యి వైపు మూడు, వెనక ఆరు. ‘రెండు గంటల దిక్కు, మూడు వందల మీటర్లు, తెల్లటి ఆవిరి’ అన్న వరుసలోనే చెప్పాలి. దిక్కు ముందు రాకపోతే మిగతావి వృథా. రెండో తప్పు జోస్యం. ‘ఇప్పుడు గాల్లోకి ఎగురుతుంది’ అంటే అది ఎగరదు, మీ మాట మీద నమ్మకం పోతుంది.

మూడోది అన్నిటికన్నా కష్టం. ‘ఇంకాస్త దగ్గరికి పోనివ్వండి’ అని ప్రయాణికులు అడుగుతారు, కొన్నిసార్లు కెప్టెన్‌కూ మనసవుతుంది. తిమింగలానికి పడవ కనీసం ఎంత దూరంలో ఉండాలో చెప్పే నియమాల అంకెలు నోటికి వచ్చి ఉంటే మీరు గట్టిగా నిలబడగలరు. హవాయి, అలాస్కాల్లో హంప్‌బ్యాక్‌కు 100 గజాలు. అమెరికా అట్లాంటిక్ తీరంలో రైట్ వేల్‌కు 500 గజాలు. న్యూజిలాండ్‌లో 50 మీటర్లు, పిల్లతో ఉన్న తల్లికి 200 మీటర్లు; 300 మీటర్ల లోపు మూడు పడవలకు మించి ఉండకూడదు. ఎదురుగా వెళ్లకూడదు. పక్కగా, కాస్త వెనకగా, అలలు లేవని వేగంతో సమాంతరంగా సాగాలి.

మైకు దించాక మరో పని మొదలవుతుంది: సమయం, జీపీఎస్ స్థానం, జాతి, ఎన్ని, పిల్ల ఉందా, సముద్రం ఎలా ఉంది అన్నవి నమోదు చేయాలి. ఏమీ కనిపించని ట్రిప్పు కూడా లెక్కే, దాన్నీ రాయాలి. హంప్‌బ్యాక్ తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. ఓర్కాలకు (కిల్లర్ వేల్స్) వీపు రెక్క, దాని వెనక బూడిదరంగు మచ్చ గుర్తు. ఫొటో తీసేటప్పుడు షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గనివ్వకండి. కెమెరా గడియారం జీపీఎస్ సమయంతో కలవకపోతే ఏ ఫొటో ఎక్కడిదో చెప్పలేం. ఆ పొరపాటు సాయంత్రానికి గానీ బయటపడదు.

ఇక కడుపులో తిప్పడం. చాలామందికి కొన్నాళ్లు వరుసగా ఎక్కితే తగ్గుతుంది, కొద్దిమందికి తగ్గనే తగ్గదు. అది ఉద్యోగంలో చేరకముందే తేల్చుకోండి. ఖాళీ కడుపుతో ఎక్కకండి. పడవ మధ్యభాగంలో, బయటి గాలిలో నిలబడి క్షితిజాన్ని చూడండి. మాత్రలు డాక్టరును అడిగి బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక మింగితే పెద్దగా పనిచేయవు. కొన్ని మాత్రలకు మత్తు వస్తుంది కాబట్టి మొదటిసారి పని రోజున ప్రయోగం చేయకండి. ఇంకో సంగతి: ప్రయాణికుల వాంతి సంచులు అందుకునేదీ, డెక్ కడిగేదీ మీరే. వాళ్లను టాయిలెట్లోకి పంపకండి, మూసిన గదిలో ఇంకా ఎక్కువవుతుంది. గాలి వీచి పోయే వైపు రెయిలింగ్ దగ్గర నిలబెట్టండి.

మీకు మిగిలిన ఏడాదిన్నరలో ఈత, ప్రథమ చికిత్స, సీపీఆర్ నేర్చుకోండి. పెద్ద ఎక్స్‌పెడిషన్ నౌకల మీద కన్నుంటే ఎస్‌టీసీడబ్ల్యూ (నౌకా సిబ్బంది శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రాథమిక భద్రతా శిక్షణ అడుగుతారు. ప్రాణరక్షణ, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స అందులో ఉంటాయి. కానీ పోస్టు ఖాయం కాకముందే దానికి డబ్బు పోయకండి, పగటిపూట తిరిగే చిన్న పడవల్లో చాలాచోట్ల శిక్షణ వాళ్లే ఇస్తారు. పక్షుల నడకలో గానీ, జూలో గానీ, మ్యూజియంలో గానీ వాలంటీరుగా గైడ్ పని చేసి, అపరిచితుల ముందు మాట్లాడటం అలవాటు చేసుకోండి. తిమింగలం తోకల ఫొటోలను పోల్చడం నేర్చుకోవడానికి హ్యాపీవేల్ వెబ్‌సైట్ చాలు. దరఖాస్తులు సీజన్‌కు మూడు నాలుగు నెలల ముందే పంపాలి. వాటితోపాటు తిమింగలం లేకుండానే సముద్రం గురించి మూడు నిమిషాలు మాట్లాడిన వీడియో జతచేయండి. కాగితం చూసి చదవకండి, చదివితే కళ్లలోనే తెలిసిపోతుంది.