కోతి జ్వరం మ్యాపు గీయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్, అదే పిడుదులు కుట్టి సోకే ఈ కోతి జ్వరం, ఎటు వ్యాపిస్తోందో చూసే బృందంలో చేరుతున్నానని రాశావు. చాలా సంతోషం. ముందుగా ఏం చదవమంటారని అడిగావు. చదువు సంగతి నీకొకరు చెప్పక్కర్లేదు. ఫీల్డులోకి దిగాక పనికొచ్చే నాలుగు మాటలు రాస్తాను.

మ్యాపు మీద కొత్త చుక్క పెట్టే ప్రతిసారీ ఒక అనుమానం పెట్టుకో. జబ్బు అక్కడికి కొత్తగా వచ్చిందా, మనం అక్కడ కొత్తగా వెతికామా? 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపోతుంటే ఈ వైరస్ బయటపడింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కర్ణాటకలోని కొన్ని జిల్లాలే మ్యాపులో ఉండేవి. ఇప్పటి పేర్లతో చెప్పాలంటే శివమొగ్గ, ఉత్తర కన్నడ, చిక్కమగళూరు, ఉడుపి, దక్షిణ కన్నడ. 2012 చివర్లో దక్షిణాన బందీపూర్ దగ్గర కేసులు వచ్చాయి. 2013లో కేరళలోని వయనాడ్, 2014లో మలప్పురం, 2015లో గోవాలోని సత్తరి, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్. ఇలా వరసగా పేరిస్తే నాలుగేళ్లలో జబ్బు పశ్చిమ కనుమల పొడవునా పరుగెత్తినట్టు కనిపిస్తుంది. కానీ పుణెలోని వైరాలజీ సంస్థ వాళ్లు ఈ జబ్బుకు పీసీఆర్ (రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికేది), ఎలిసా (వైరస్‌ను ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతికేది) పరీక్షల వివరాలు ప్రచురించింది కూడా 2012లోనే. అంతకు ముందు రోగి రక్తాన్ని ఎలుక పిల్లలకు ఎక్కించి వైరస్ కోసం చూడాల్సి వచ్చేది. అందుకని పరుగెత్తింది జబ్బు ఎంత, పరీక్ష ఎంత అన్నది తేల్చకుండా 'వ్యాపించింది' అనే మాట రిపోర్టులో రాయకు. 'మొదటిసారి గుర్తించారు' అని రాస్తే చాలు, అది అబద్ధం కాదు.

దీనికి మందు ఒక్కటే. పాజిటివ్‌లతో పాటు ప్రతి తాలూకాలో ఎన్ని శాంపిళ్లు పరీక్షించారో కూడా రాబట్టు. ఇవ్వడానికి బద్ధకిస్తారు, 'నెగటివ్‌లతో మీకేం పని' అంటారు. నవ్వి ఊరుకో, మళ్లీ అడుగు. ఒక్క శాంపిల్ కూడా వెళ్లని తాలూకాకు మ్యాపులో తెల్లరంగు వేస్తే అక్కడ జబ్బు లేదని చదివేవాళ్లు అనుకుంటారు. దానికి గళ్లో గీతలో వేసి 'చూడలేదు' అని రాయి. శాంపిల్ ఏ రోజు తీశారన్నదీ ముఖ్యమే. పీసీఆర్ జ్వరం వచ్చిన తొలి రోజుల్లో పనిచేస్తుంది, ఐజీఎం అనే తొలి యాంటీబాడీలను చూసే ఎలిసా ఆ తర్వాత. పదో రోజున వచ్చిన రోగికి పీసీఆర్ ఒక్కటే చేసి నెగటివ్ అన్నారంటే ఆ నెగటివ్‌కు పెద్ద విలువ లేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది చోటు. ఆస్పత్రి రిజిస్టర్లో ఉండేది రోగి ఇంటి అడ్రస్. పిడుదు కుట్టింది ఇంట్లో కాదు కదా! జీడితోటల్లో పని కోసం జిల్లాలు, రాష్ట్రాలు దాటి వెళ్లే కూలీలు ఉంటారు. సీజన్‌లో తోటలోనే ఉండి, జ్వరం రాగానే సొంతూరికి బస్సెక్కుతారు. కేసు ఆ ఊరి లెక్కలో పడుతుంది. నువ్వు ఆ ఊరి మీద చుక్క పెడితే, అడవే లేని చోట కోతి జ్వరం పుట్టినట్టవుతుంది. పిడుదు కుట్టాక సాధారణంగా మూడు నుంచి ఎనిమిది రోజుల్లో జ్వరం మొదలవుతుంది. అయినా రెండు వారాల సంగతులు అడుగు. 'అడవికి వెళ్లారా' అని మాత్రం అడగకు. రోజూ వెళ్లేవాళ్లకు అది అడవి కాదు, పెరటి వెనక చోటు, లేదని చెప్పేస్తారు. కట్టెలు ఎక్కడ తెచ్చారు, పశువులు ఎటు మేసాయి, కొట్టంలో పరచడానికి ఎండాకులు ఎక్కడ ఊడ్చారు అని అడుగు. కర్ణాటక కొండసీమ మలెనాడులో ఎండాకుల పని చిన్నదేమీ కాదు, పిడుదు పిల్లలు ఉండేది ఆ ఆకుల్లోనే. ఇంటి చుక్క, కుట్టిందనుకునే చోటు చుక్క వేర్వేరు కాలమ్‌లలో పెట్టు. రెండోది తెలియకపోతే ఖాళీగా వదిలెయ్యి, ఇంటి అడ్రస్‌తో నింపకు. తేదీలు కూడా అంతే. జ్వరం మొదలైన రోజు వేరు, రిపోర్టు వచ్చిన రోజు వేరు. కదలికను మొదటి దాన్ని బట్టే చూడాలి.

కోతుల చావులు మంచి హెచ్చరిక. కొండముచ్చు గానీ బోనెట్ కోతి గానీ చనిపోతే దాని ఒంటి మీది పిడుదులు కిందికి దిగిపోతాయి, వైరస్ మోస్తున్నవి ఆ కాస్త చోట గుంపుగా మిగులుతాయి. అందుకే ఆ చోటు చుట్టూ మందు చల్లుతారు. కాబట్టి ఊరి పేరు రాసి వదిలెయ్యకుండా జీపీఎస్ పాయింటు తీసుకో. అయితే చచ్చిన ప్రతి కోతీ ఈ జబ్బుతోనే చావదు. కరెంటు తీగలున్నాయి, కుక్కలున్నాయి. కుళ్లిన కళేబరం నుంచి తీసిన శాంపిల్ నెగటివ్ వస్తే 'తేలలేదు' అనే రాయాలి. ఇంకో చిక్కు, ఊరి పక్కన చచ్చిన కోతి అందరికీ కనిపిస్తుంది, లోపలి అడవిలో చచ్చినదాన్ని చూసేవాడు లేడు. ఫారెస్టు వాచర్లతో స్నేహం చేసుకో. నీ బృందంలో వాళ్లంత పనికొచ్చేవాళ్లు ఉండరు, మీటింగులకు వాళ్లనెవరూ పిలవరు గానీ.

పిడుదుల సర్వేలో అవి అంటుకునేలా నేల మీద తెల్లగుడ్డ లాగడం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. నెలలు గుర్తుపెట్టుకోవడమే అసలు పని. మనిషిని ఎక్కువగా కుట్టేది హీమాఫిసాలిస్ స్పినిజెరా అనే పిడుదు నింఫ్ దశ (పిల్లకూ పెద్దదానికీ మధ్య దశ), అది డిసెంబర్ నుంచి మే దాకా ఎక్కువ. పెద్ద పిడుదులు వానాకాలంలో కనిపిస్తాయి, వాటికి పశువులు కావాలి. జులైలో ఒక చోట, ఫిబ్రవరిలో ఇంకో చోట గుడ్డ లాగి పోల్చావంటే నువ్వు కొలిచింది క్యాలెండర్‌ని. పిడుదులు దొరికితే వైరస్ ఉన్నట్టు కాదని నీకు చెప్పక్కర్లేదు, పై అధికారులకు మాత్రం ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది.

యాంటీబాడీల సర్వేలను నమ్మడంలో కాస్త వెనకాముందు చూడు. పాతకాలం సర్వేల్లో గుజరాత్‌లోని కచ్, సౌరాష్ట్రల్లో కూడా ఈ వైరస్‌కు సరిపోయే యాంటీబాడీలు కనిపించాయి. దీని వర్గానికే చెందిన డెంగీ లాంటి వైరస్‌ల యాంటీబాడీలు కూడా పరీక్షలో కలగాపులగంగా పలుకుతాయి. అలాంటివాటికి వేరే గుర్తు పెట్టు, కేసుల రంగు వేయకు.

పాత లెక్కల్ని కొత్త లెక్కలతో పోల్చేటప్పుడు కేసు అంటే ఏమిటన్న నిర్వచనం మధ్యలో మారిందేమో చూసుకో. అమెరికాలో, పిడుదుల వల్లే వచ్చే లైమ్ జబ్బుకు 2022లో నిబంధన మార్చి, ఎక్కువ కేసులుండే రాష్ట్రాల్లో ల్యాబ్ రిపోర్టు ఒక్కటే చాలన్నారు. ఆ ఏడు కేసులు 2017–19 సగటు కంటే దాదాపు 70 శాతం పెరిగాయి. పిడుదులేమీ ఒక్క ఏడాదిలో అన్ని పెరగలేదు.

జబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో చూపించేలా మ్యాపు మీద బాణాలు గీయమని ఎవరో ఒకరు అడుగుతారు, ప్రెజెంటేషన్‌లో బాగుంటాయని. ఒప్పుకోకు. కోతులు తమ పరిధి దాటి వందల కిలోమీటర్లు పోవు. పశువులా, పక్షులా, ఎలుకలా, మనం చూడకముందే అక్కడుందా అన్నది తెలియకుండా బాణం గీయడమంటే కథ చెప్పడమే. వేర్వేరు చోట్ల వైరస్‌ల జన్యుక్రమాలు పక్కపక్కన పెట్టి చూశాకే ఆ మాట ఎత్తాలి. బాణం బదులు అడవి నరికివేత పొర ఒకటి వేసి చూడు. 1980ల మొదట్లో దక్షిణ కన్నడలోని బెళ్తంగడి దగ్గర జీడితోటల కోసం అడవి కొట్టాక వచ్చిన పెద్ద ఔట్‌బ్రేక్ గురించి నీకు తెలుసుగా.

నీ ఒంటి సంగతి కూడా చూసుకో. లేతరంగు బట్టలు, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి, రాగానే వేడినీళ్ల స్నానం, మోకాలి వెనక, చెవుల వెనక వెతుక్కోవడం. పిడుదును పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని తిన్నగా లాగు. చచ్చిన కోతిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, అది పశువైద్యుల పని. జ్వరం వస్తే టెన్షన్ పడకుండా, రెండో రోజుకే శాంపిల్ ఇచ్చెయ్యి.

డిసెంబర్‌లో మొదటి డ్రాఫ్ట్ పంపుతానన్నావు. మ్యాపుతో పాటు పరీక్షల లెక్కల షీటు కూడా జతచెయ్యి, అది లేకుండా నేను మ్యాపు తెరవను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన