పైరోసోమ్‌లు, సైఫనోఫోర్‌లు దగ్గరి చుట్టాలేనా?

ఇవి సముద్రంలో తేలుతూ బతికే జీవులు. రెండూ జెల్లీలా మెత్తగా, పారదర్శకంగా ఉంటాయి, రెండూ ఎన్నో చిన్న జీవులు కలిసి ఒకే శరీరంగా బతుకుతాయి, మరి ఒకే కుటుంబంలో ఎందుకు చేర్చరు అని అడిగారు. అవి దగ్గరి చుట్టాలు కావు కాబట్టి. పైరోసోమ్‌కు సైఫనోఫోర్ కన్నా మనుషులమైన మనమే దగ్గర.

సైఫనోఫోర్‌లు జెల్లీ చేపలు, పగడాలు ఉండే నిడేరియా వర్గానివి. అందులోనూ హైడ్రా ఉన్న శాఖకు చెందుతాయి. పైరోసోమ్‌లు, వాటి బంధువులైన సాల్ప్‌లు ట్యూనికేట్‌లు, అంటే మనం ఉన్న కార్డేటా వర్గానివి. ట్యూనికేట్‌ల డింభకంలో, అంటే పిల్ల దశలో, పృష్ఠవంశం (వీపు వెంట ఉండే కడ్డీ లాంటి నిర్మాణం, నోటోకార్డ్) ఉందని రష్యన్ జీవశాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ 1866లోనే చూపించాడు. అయినా వెన్నెముక గల జంతువులకు అత్యంత దగ్గరివి ఆంఫియాక్సస్‌లేనని (చేపలా కనిపించే చిన్న సముద్ర జీవులు) చాలా కాలం అనుకున్నారు. 2006లో వచ్చిన జన్యు విశ్లేషణ ఆ స్థానాన్ని ట్యూనికేట్‌లకు ఇచ్చింది.

గుంపు మొత్తాన్ని చూస్తే ఈ తేడా తెలియదు. అందులోని ఒక్క జీవిని, అంటే ఒక్క జూయిడ్‌ను, విడిగా పరిశీలించాలి. పైరోసోమ్ జూయిడ్‌కు నీరు లోపలికి వచ్చే ద్వారం ఒకటి, బయటికి పోయే ద్వారం ఒకటి ఉంటాయి. మధ్యలో ఉన్న మొప్ప చీలికల దగ్గర ఆహారం వడకట్టబడుతుంది. పేగు ఉంది, గుండె ఉంది. ఆ గుండె కాసేపు ఒక దిశలో, కాసేపు ఎదురు దిశలో రక్తాన్ని తోస్తుంది. పై తొడుగులో సెల్యులోజ్ ఉంటుంది, దాన్ని తయారుచేసే జన్యువు బ్యాక్టీరియా నుంచి వచ్చింది. సైఫనోఫోర్ జూయిడ్‌లో ఇవేవీ లేవు. రెండు కణ పొరలు, మధ్యలో జెల్లీ. తినేవాటికి ఒకే ద్వారం, అదే నోరు. ఎరను పట్టడానికి దంశకణాలు, అంటే కుట్టే కణాలు, ఉంటాయి.

ఎమ్మెస్సీ జువాలజీ రోజుల్లో విశాఖ తీరం నుంచి పడవలో వెళ్లి ప్లవకాల (నీటిలో తేలే చిన్న జీవుల) వల లాగేవాళ్లం. ఒకే బకెట్‌లో రెండు రకాలూ పడేవి. సాల్ప్‌లు చేతికి గట్టిగా, ముక్కలు కాకుండా దొరికేవి. సైఫనోఫోర్ మాత్రం ఎప్పుడూ పూర్తిగా వచ్చేది కాదు. బాణపు మొనల్లాంటి పారదర్శకమైన ఈత గంటలు, అంటే అది ఈదడానికి వాడే భాగాలు, ఒక్కొక్కటిగా తేలుతుండేవి. వాటి ఆకారాన్ని బట్టే జాతిని గుర్తించేవాళ్లం. పెద్ద సైఫనోఫోర్‌లను చూడాలంటే వల పనికిరాదు, గజ ఈతగాళ్లో, రిమోట్‌తో నడిచే జలాంతర యంత్రాలో వాటి దగ్గరికే వెళ్లాలి. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో అలాంటి యంత్రం చూపిన ఒక సైఫనోఫోర్ సర్పిలంగా పరచుకుని ఉంది. దాని బయటి వలయం ఒక్కటే దాదాపు 47 మీటర్లని అంచనా వేశారు.

నాకు అన్నింటికన్నా ఆసక్తికరంగా అనిపించేది సైఫనోఫోర్‌ల సొంత వంశవృక్షం. పాత పుస్తకాలు మూడు గుంపులుగా విడదీస్తాయి. గాలితిత్తి (తేలడానికి సాయపడే, గాలి నిండిన సంచి) ఉండి ఈత గంటలు లేనివి, రెండూ ఉన్నవి, గంటలు ఉండి గాలితిత్తి లేనివి. వినడానికి మూడు సమానమైన కొమ్మల్లా ఉంది. డీఎన్‌ఏ అలా చెప్పడం లేదు. గంటలు లేని గుంపు అన్నింటికన్నా ముందు విడిపోయింది. గాలితిత్తి లేనివేమో రెండూ ఉన్నవాటి మధ్య నుంచే పుట్టాయి, అంటే గాలితిత్తిని తర్వాత పోగొట్టుకున్నాయి. వానాకాలంలో మన తీరాలకు కొట్టుకొచ్చే బ్లూ బాటిల్ అనే సైఫనోఫోర్ మొదటి గుంపుది. అది ప్రపంచమంతటా ఒకే జాతి అని చాలాకాలం నమ్మారు. 2025లో వచ్చిన జన్యు అధ్యయనం దాన్ని కనీసం నాలుగు జాతులుగా విడదీసింది. ఒడ్డున ఎండిపోయినట్టు కనిపించినా ముట్టుకోకండి, దంశకణాలు ఇంకా పేలతాయి.

ఒక జీవి అనాలా, గుంపు అనాలా అని కూడా అడిగారు. పైరోసోమ్‌లో జూయిడ్‌లన్నీ ఒకేలా ఉంటాయి, ప్రతిదీ తానే తిని తానే సంతానం కంటుంది. దాన్ని గుంపు అనడానికి నాకు సంకోచం లేదు. సైఫనోఫోర్‌లో మాత్రం ఈదేవి ఈదుతాయి, తినేవి తింటాయి, సంతానం కనేవి కంటాయి. ఒక్క ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచే అన్నీ మొగ్గలుగా పుడతాయి. పని తీరు చూస్తే అవి అవయవాలే. పూర్వీకులను చూస్తే ఒక్కొక్కటీ ఒక పాలిప్ (హైడ్రా లాంటి గొట్టపు రూపం) లేదా మెడూసా (జెల్లీ చేప లాంటి గొడుగు రూపం). పైగా గాలితిత్తి లేని రకాల్లో చాలావాటికి తోక చివరి భాగాలు తెగిపోయి, సొంతంగా తిరుగుతూ సంతానోత్పత్తి చేస్తాయి. పూర్వం శాస్త్రవేత్తలు వాటిని వేరే జాతులనుకుని వేరే పేర్లు పెట్టారు.